చెల్లని క్రెడిట్లు

"బీన్స్ గిన్నె ఇటివ్వమని మీ అబ్బాయికి చెప్పండి మామ్," అంది నోరీన్.

గిన్నె వెండెల్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఓపల్ కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది, చివరికి తనే కుర్చీలోంచి వంగి గిన్నెను అటు జరిపింది. తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆవిడకు వంగడం కష్టం. ఆ సంగతి మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ కదల్లేదు.

నిన్న సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో మాటలన్నీ ముసలావిడ మీదుగానే వెళ్ళి వస్తున్నాయి. కాఫీ అయిపోయిందని ఆయనకు చెప్పండి. వాన పడేలా ఉంది, బట్టలు తియ్యమని ఆమెకు చెప్పమ్మా. ఆవిడ మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎలాగూ ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది.

"చల్లారిపోతున్నాయి, తినండి," అంది ఓపల్.

వెండెల్ మొక్కజొన్న రొట్టె తుంచాడు గాని నోట్లో పెట్టుకోలేదు. "నిన్నటి నుంచీ ఒకటే చెబుతున్నాను. కమిటీలో నీ పేరు రాగానే నేను గదిలోంచి లేచి బయటికొచ్చేశాను. రావాలి. పెళ్ళాం విషయంలో మొగుడు ఓటుకు చెయ్యెత్తకూడదు."

"నిన్ను చెయ్యెత్తమని ఎవరడిగారు? నోరెత్తితే చాలేది."

"నోరెత్తి ఏమనాలి?"

"పరవాలేదని నాతో అన్నది నువ్వేనని."

వెండెల్ తుంచిన రొట్టె ప్లేటులో పెట్టేశాడు. తర్వాత చాలా మెల్లగా, "నేను అలా అనలేదు నోరీన్," అన్నాడు.

నోరీన్ చెంచా కింద పెట్టింది. నిన్నటి నుంచీ జరిగిన పోట్లాటలో ఈ మాట ఇప్పుడే మొదటిసారి వచ్చింది. నిన్న అతను చెబితే ఏం లాభమన్నాడు, చెబితే ఇంటి మనిషిని వెనకేసుకొచ్చాడంటారన్నాడు, బెవర్లీ హార్ట్‌సాక్ ఎలాంటిదో నీకు తెలియదా అన్నాడు. అనలేదని మాత్రం అనలేదు.

బెవర్లీ లైసెన్సుల కమిటీకి అధ్యక్షురాలు, వెండెల్ అందులో ఒక సభ్యుడు. ఊళ్ళో టీచర్ల లైసెన్సులన్నీ ఆ కమిటీ చేతిలోంచే పోవాలి. ఐదేళ్ళకోసారి లైసెన్సు కొత్తది చేయించుకోవాలంటే డిగ్రీ పైన చదువు చదివి ఆరు క్రెడిట్లు తెచ్చుకోవాలి. అవే క్రెడిట్లు జీతం స్కేలులో పై మెట్టుకూ పనికొస్తాయి. అందుకే ఆ బడుల్లో పని చేసేవాళ్ళంతా పిల్లల్ని పడుకోబెట్టాక కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. ఒకటే నియమం: ఏం చదవబోతున్నారో ముందే కమిటీకి చెప్పి ఒప్పించుకోవాలి. నోరీన్ లెక్కల కోర్సులు చదువుతానని చెప్పింది. చదివింది వేరేవి. అవి చెల్లవని కమిటీ నిన్న తేల్చేసింది. నాలుగో తరగతికి పధ్నాలుగేళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషి, జూన్ నెలాఖరు దాటితే లైసెన్సు లేని మనిషి అవుతుంది. ఆగస్టులో ఆ గది తాళంచెవి ఇంకొకరికి ఇస్తారు. కొత్తగా ఏదైనా చదువుదామన్నా, దాన్ని ఒప్పుకోవడానికి కమిటీ మళ్ళీ సెప్టెంబరుకు గాని కూర్చోదు.

"అనలేదా?" అంది నోరీన్. ఈసారి ఓపల్ మీదుగా కాదు, నేరుగా.

"పరవాలేదేమో అన్నాను. కమిటీని అడిగి చూద్దాం అన్నాను."

"పరవాలేదు, కమిటీకి నేను చెప్తాలే అన్నావు."

"నీకు అలా వినిపించింది."

"సింకు కింద దూరి ఉన్నావు. జనవరిలో పైపుల్లో నీళ్ళు గడ్డకట్టిన రోజు. నేను నేల మీద కూర్చుని నీకు టార్చి పట్టుకున్నాను. లెక్కలు వద్దు, తల్లో తండ్రో పోయిన పిల్లలకు చదువు ఎలా చెప్పాలన్న కోర్సులు రెండున్నాయి, అవి తీసుకుంటాను, మళ్ళీ కమిటీకి పెట్టాలా అని అడిగాను. నువ్వేమో..."

"ఏమో అన్నాను. అదే చెబుతున్నా."

"అడిగి చూద్దాం అని ఉంటే, మర్నాడు ఏమన్నారని నేను అడక్కుండా ఉంటానా?"

"అడగలేదు కదా," అన్నాడు వెండెల్. "నేననేదీ అదే."

ఓపల్ లేచి, ఎవరూ అడక్కుండానే, మజ్జిగ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. తన ప్లేటు అందుకుంది. అందులో సగం అలాగే ఉంది.

"నేను గదిలో తింటాను," అంది. చేతికర్ర చప్పుడు వరండా చివరిదాకా వెళ్ళి ఆగింది.

*

శుక్రవారం బడిలో అందరూ నోరీన్‌తో చాలా మర్యాదగా ఉన్నారు. టీచర్ల గదిలో ఆమె అడుగు పెట్టగానే ఎవరో ఒకరు కాఫీ కప్పు అందించారు. ఎవరూ కూర్చోమనలేదు.

అప్పీలు కాగితం సోమవారానికల్లా ఇస్తే రెండు వారాల్లో విచారణ. ముగ్గురు కూర్చుని వింటారు. కమిటీ తరఫున ఒకరు, అప్పీలు చేసుకున్న టీచరు తరఫున ఒకరు, ఇద్దరికీ సమ్మతమైన మనిషి ఒకరు. నోరీన్ తన మనిషిని తానే వెతుక్కోవాలి. లైసెన్సున్న టీచరు ఎవరైనా సరే.

మొదట పక్క గది ట్రూడీని అడిగింది. పదకొండేళ్ళుగా ఇద్దరి గదులకూ మధ్య ఒకటే గోడ. ట్రూడీకి కాన్పు కష్టమైనప్పుడు ఆమె తరగతిని కూడా కలుపుకుని నెల రోజులు నడిపింది నోరీనే. ట్రూడీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వచ్చే ఏడు తన క్రెడిట్లు కూడా ఆ కమిటీ ముందుకే వెళ్ళాలని, ఇంట్లో తనదొక్కటే జీతమని, నోరీన్ అర్థం చేసుకుంటుందని తెలుసనీ చెప్పింది. నోరీన్ అర్థం చేసుకుంది. అదే ఆమెకు ఎక్కువ బాధగా ఉంది. ట్రూడీ స్థానంలో తానున్నా ఇంకోలా చెప్పి ఉండేది కాదు.

లైబ్రరీ చూసే మనిషి తన ఆరోగ్యం బాగాలేదంది. ఐదో తరగతి సారు, వెండెల్ తనకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన గురువనీ, ఆయన ఉన్న కమిటీకి ఎదురు కూర్చోలేననీ అన్నాడు. కూర్చోవాల్సింది వెండెల్ పెళ్ళాం తరఫునే అని నోరీన్ గుర్తు చేస్తే, ఇంకా కష్టం కదా అని నేల చూపులు చూశాడు.

"ఇంక లైల్ ప్రూయిట్ తప్ప నీకెవరొస్తారు?" అంది ట్రూడీ బయటికి వెళ్ళే ముందు. నవ్వించాలనే అంది. ఇద్దరూ నవ్వలేదు.

మధ్యాహ్నం పిల్లలు బల్లల దగ్గర రాసుకుంటుంటే బ్రిన్లీ లేచి వచ్చి నోరీన్ కుర్చీ పక్కన నిలబడింది. సెప్టెంబరులో వాగు పొంగి రోడ్డు మీదికొచ్చినప్పుడు ఈ పిల్ల తండ్రి ట్రక్కుతో సహా కొట్టుకుపోయాడు. ఆ తర్వాత ఆరు నెలలు బ్రిన్లీ బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. హాజరు పిలిస్తే కూడా చెయ్యెత్తేది, అంతే. నోరీన్ లెక్కల కోర్సు వదిలేసి ఆ రెండు కోర్సులూ తీసుకున్నది ఈ పిల్ల కోసమే. అందులో చదివింది చదివినట్టు మర్నాడు ఈ గదిలో పెట్టి చూసింది. మార్చిలో ఒకరోజు బ్రిన్లీ పెన్సిలు కావాలని నోరు తెరిచి అడిగింది. ఆ రోజు నోరీన్ బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది.

"మిస్, మీరు వచ్చే ఏడు ఇక్కడ ఉండరంట కదా," అంది బ్రిన్లీ.

"ఎవరన్నారు?"

"మా పెద్దమ్మ. ఆవిడ భోజనాల దగ్గర వడ్డిస్తుంది కదా, అక్కడ అనుకుంటున్నారంట."

నోరీన్ ఉంటాననీ అనలేకపోయింది, ఉండననీ అనలేకపోయింది. నువ్వు ఎలాగూ ఐదో తరగతికి వెళ్ళిపోతావు కదా అంది. బ్రిన్లీ సరేనని తలూపి, తన చోటుకు వెళ్ళి కూర్చుంది. సాయంత్రం గంట కొట్టేదాకా ఆ పిల్ల మళ్ళీ మాట్లాడలేదు. నోరీన్ ఆ వైపే చూస్తూ పాఠం రెండు సార్లు తప్పు చెప్పింది.

*

లైల్ ప్రూయిట్ పేరు ట్రూడీ నోట రాకముందే నోరీన్ మనసులో ఉంది. పైకి అనుకోవడానికి ధైర్యం చాలలేదు.

పోయిన ఏడాది ఇదే కమిటీ ముందుకు ఇదే తప్పుతో వచ్చాడు లైల్. సైన్సు టీచరు. ఒక కోర్సు చదువుతానని చెప్పి, అందులో సీటు దొరక్క ఇంకొకటి చదివాడు. కమిటీలో అందరూ కాదన్నారు. అందులో వెండెల్ చెయ్యి కూడా ఉంది. ఆ రోజు వెండెల్ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. చిన్న పిల్లలున్నవాడు, వాడి కడుపు కొట్టానేమో అని పక్క మీద దొర్లాడు. అప్పుడు అతని వీపు నిమిరి, నియమం నియమమే, ఇవాళ లైల్‌కు వదిలేస్తే రేపు అందరికీ వదలాలి, నువ్వు చేసింది సరైన పనే అని చెప్పింది తనే. వారం తిరక్కుండా ఆపిల్ పై చేసి లైల్ ఇంటికి తీసుకెళ్ళింది కూడా తనే.

కొన్ని నెలలు రోజుకూలీ టీచరుగా తిరిగి, మళ్ళీ క్రెడిట్లు తెచ్చుకుని, లైల్ ఇప్పుడు పక్క కౌంటీలో పని చేస్తున్నాడు. అక్కడ అతని పాత ఏళ్ళు సగమే లెక్కలోకి తీసుకున్నారని విన్నది. శనివారాలు దాణా కొట్లో పని చేస్తాడు.

నోరీన్ వెళ్ళేసరికి లైల్ ఒక ముసలాయన ట్రక్కులోకి కోళ్ళ దాణా సంచులు ఎత్తుతున్నాడు. ఆమెను చూసి ఆగలేదు. సంచులన్నీ ఎక్కించి, ముసలాయనకు చెయ్యూపి, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చాడు.

"విన్నాను," అన్నాడు. "ఈ కౌంటీలో కబుర్లకు లైసెన్సు అక్కర్లేదు కదా."

నోరీన్ తాను వచ్చిన పని చెప్పింది. లైల్ కొట్టు మెట్ల మీద కూర్చున్నాడు. ఆమెను కూర్చోమన్నాడు. ఆమె నిలబడే ఉంది.

"మీరు తెచ్చిన ఆపిల్ పై బాగుంది మిసెస్ స్టోవర్. మా ఆవిడ గిన్నె తిరిగి ఇవ్వమంటూ చాలా రోజులు పోరింది. నాకే రాబుద్ధి కాలేదు."

"గిన్నె సంగతి వదిలెయ్యి లైల్."

"గిన్నె సంగతి కాదు. ఆ రోజు మీరు మా గుమ్మంలో నిలబడి ఒక మాటన్నారు. వెండెల్ చాలా బాధపడుతున్నాడు, కానీ అతని చేతిలో ఏమీ లేదు అన్నారు. నిజంగా ఏమీ లేదా అని ఏడాదంతా ఆలోచించాను."

నోరీన్ నేల వంక చూసింది. మెట్ల మీద చిందిన జొన్నలను రెండు పిచ్చుకలు ఏరుకుంటున్నాయి.

"వస్తాను," అన్నాడు లైల్. "మీ తరఫున కూర్చుంటాను. ఎవరి మీదో కసి తీర్చుకోవడానికని అనుకుంటారు, అనుకోనివ్వండి. మీరు ఆ చిన్నపిల్ల కోసం చదివారు. ఆ చదువు ఈ కౌంటీలో ఏ లెక్కల కోర్సుకూ తీసిపోదు. ఆ మాట అక్కడ గట్టిగానే చెబుతాను. కానీ అది సరిపోదు, మీకూ తెలుసు. నాకూ అలాంటి మంచి మాటలు చాలామంది చెప్పారు."

"మరి?"

"కమిటీలో మనిషే మీకు పరవాలేదని చెప్పి ఉంటే, తప్పు మీది కాదు, కమిటీది. అది ఒక్కటే నిలబడుతుంది. అందుకని నేను వెండెల్‌ను పిలిపిస్తాను. అందరి ముందూ అడుగుతాను. ఏం చెప్పావు నీ పెళ్ళానికి అని." లైల్ ఆమె ముఖంలోకి చూశాడు. "అది అడగొద్దంటే నన్ను పిలవకండి. నేను ఊరికే కుర్చీ నింపడానికి రాను."

ఆలోచించుకుని చెబుతానంది నోరీన్. లైల్ తలూపాడు. కొట్టులోంచి ఎవరో అతన్ని కేకేశారు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, పక్క కౌంటీలో రోజుకూలీ టీచర్ల కొరత బాగా ఉందని, సెప్టెంబరు దాకా అదైనా చేసుకోవచ్చని చెప్పాడు. దెప్పడానికి అన్నాడో, సాయానికి అన్నాడో ఆమెకు తెలియలేదు. కారులో కూర్చుని చాలాసేపు తాళంచెవి తిప్పలేదు.

*

వెండెల్ ఇంటి ముందు గడ్డి కోస్తున్నాడు. శనివారం గడ్డి కోయడం అతనికి చర్చి లాంటిది. ఎవరైనా అడ్డొస్తే చిరాకు. నోరీన్ కారు దిగి నేరుగా మిషను ముందుకు వెళ్ళి నిలబడింది. అతను ఆపక తప్పలేదు.

"లైల్ ప్రూయిట్ నా తరఫున కూర్చుంటానన్నాడు," అంది.

మిషను ఆగాక వచ్చిన నిశ్శబ్దంలో పక్కింటి రేడియో వినిపించింది. వెండెల్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"లైల్‌నా?"

"ఇంకెవరూ రాలేదు."

"వాడు నీకోసం రావడం లేదు. నాకోసం వస్తున్నాడు."

"అయినా వస్తున్నాడు కదా. నువ్వు రాలేదు."

ఆ మాట అన్నాక నోరీన్‌కు అనకుండా ఉంటే బాగుండేదనిపించింది. వెండెల్ కోపం తెచ్చుకోలేదు. అతను కోపం తెచ్చుకుని ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది. గడ్డి అంటుకున్న బూటు మడమను ఇంకో బూటుతో గీరుతూ నిలబడ్డాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, దొరికిపోయిన పిల్లాడిలా కనిపించాడు.

వచ్చే నెల అతనికి ఇంటర్వ్యూ ఉంది. హైస్కూల్లో అసిస్టెంట్ ప్రిన్సిపాల్ పోస్టు. దానికోసం మూడేళ్ళు చదివాడు. ఆ మూడేళ్ళూ నోరీన్ తన చదువు వెనక్కి పెట్టుకుంది. ఒకేసారి ఇద్దరి ఫీజులు కట్టలేమని, ముందు నువ్వు కానివ్వు అని ఆమే అంది. తన వంతు వచ్చేసరికి గడువుకు ముందు మిగిలింది ఈ ఒక్క వసంతమే. ఆరు క్రెడిట్లూ ఆ నాలుగైదు నెలల్లోనే లాగింది. ఇప్పుడు ఆ పోస్టు రాకపోతే, తన లైసెన్సు లేకపోతే, ఇల్లు గడవడం ఎలాగో ఇద్దరికీ తెలియదు.

"నిన్ను పిలుస్తాడు," అంది నోరీన్. "సింకు కింద నుంచి ఏం చెప్పావని అందరి ముందూ అడుగుతాడు."

"అడగనీ."

"ఏం చెప్తావు?"

"నాకు గుర్తున్నదే చెప్తాను."

"నీకు ఏం గుర్తుంది వెండెల్?"

అతను టోపీ పెట్టుకున్నాడు. "మొన్న చెప్పాను కదా."

"నిజంగా అంతేనా గుర్తుంది? నా ముఖం చూసి చెప్పు."

వెండెల్ ఆమె ముఖం చూశాడు. అందులో కోపం లేదు, మోసమూ కనబడలేదు. అలసట ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ ముఖం చూస్తున్న నోరీన్‌కు అది నిజం చెబుతున్న ముఖమో, నిజమని తనకు తాను నచ్చజెప్పుకున్న ముఖమో తేల్చుకోవడం చేతకాలేదు.

"బెవర్లీ నన్ను నిన్న అడిగింది," అన్నాడు. "నువ్వేమైనా మాటిచ్చావా అని. ఇవ్వలేదన్నాను. ఆవిడ నమ్మింది. ఇప్పుడు లైల్ ముందు ఇంకోలా చెబితే నేనేమవుతాను? నాకు ఆ పోస్టు ఇస్తారా? ఉన్న పోస్టు ఉంచుతారా? అప్పుడు ఇద్దరం కలిసి దాణా కొట్లో సంచులెత్తుదామా?"

"నేను అబద్ధం చెప్పమనడం లేదు."

"తెలుసు," అన్నాడు వెండెల్. "నేనూ చెప్పడం లేదు."

అతను వంగి మిషను తాడు లాగాడు. మొదటిసారి అందుకోలేదు. రెండోసారి లాగాడు. నోరీన్ పక్కకు తప్పుకుంది. అతను వరస తప్పకుండా, నేరుగా, కంచె దాకా కోసుకుంటూ వెళ్ళాడు.

ఆమె మెట్ల మీద కూర్చుని అతని వీపు చూస్తూ ఉంది. ఆ జనవరి రోజును ఎన్నిసార్లు తలచుకుందో లెక్క లేదు. తలచుకున్నకొద్దీ అరిగిపోతోంది. ఇప్పుడు సింకు కింది నుంచి వస్తున్న గొంతు ఒకసారి ఒకలా వినిపిస్తోంది, ఇంకోసారి ఇంకోలా. తను వినాలనుకున్నదే విన్నదేమో. పరవాలేదనిపించుకోవడానికే ఆ రోజు అతని పక్కన కూర్చుందేమో. అదే అయితే, నాలుగు రోజులుగా ఒక మంచి మనిషిని పీక్కు తింటోంది. అది కాకపోతే, ఇరవై ఏళ్ళుగా పక్కన పడుకుంటున్న మనిషి ఎవరో ఆమెకు తెలియదు. రెండింటిలో ఏది నిజమైనా తట్టుకోవడం ఎలాగో ఆమెకు బోధపడలేదు.

*

ఆదివారం చర్చి అయ్యాక వెండెల్ చర్చి బల్లలు తిరిగి ఇచ్చి వస్తానని ట్రక్కు తీసుకుని వెళ్ళాడు. చర్చిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. పాటల పుస్తకం ఒకటే పట్టుకుని పాడారు. బెవర్లీ హార్ట్‌సాక్ రెండు వరసల ముందు కూర్చుని, ప్రార్థన అయ్యాక వెనక్కి తిరిగి నోరీన్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని నొక్కింది. నోరీన్ కూడా నొక్కింది.

ఓపల్ వంటింట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నోరీన్ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. రేపు ఉదయం అప్పీలు కాగితం ఆఫీసులో ఇచ్చేయాలి. అందులో తన తరఫు మనిషి పేరు రాయాలి. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

"నీకు నిద్ర లేదు," అంది ఓపల్.

"మీకూ లేదు కదా మామ్. నడుస్తుంటే కర్ర చప్పుడు వినిపిస్తోంది."

ఓపల్ ఒక దుంప పూర్తి చేసి నీళ్ళలో వేసింది. ఇంకోటి తీసుకుంది. ఆవిడ ఎప్పుడూ చెక్కు మధ్యలో తెగకుండా ఒకటే పొడుగు తీగలా తీస్తుంది. ఇవాళ ముక్కలు ముక్కలుగా పడుతోంది.

"వాడి నాన్న కూడా ఇంతే," అంది. "నోటితో అబద్ధం చెప్పేవాడు కాదు. ఎవరూ అడగకుండా చూసుకునేవాడు."

అత్తగారు చచ్చిపోయిన మొగుడి గురించి మాట్లాడటం చాలా అరుదు.

"ఆ పైపులు గడ్డకట్టిన రోజు," అంది ఓపల్, దుంప మీంచి కళ్ళెత్తకుండా, "నేను ఆసుపత్రి నుంచి వచ్చి వారం. గదిలో చలి తట్టుకోలేక ఈ కుర్చీలోనే కూర్చున్నాను, రెండు దుప్పట్లు కప్పుకుని. నేను నిద్రపోయాననుకున్నారు మీరు."

నోరీన్ చేతిలో ఉప్పు డబ్బా అలాగే ఉండిపోయింది. ఆ రోజు ఆ గదిలో తామిద్దరే ఉన్నట్టు ఆమెకు గుర్తు. కుర్చీ గుర్తుంది. దుప్పట్లు గుర్తున్నాయి. వాటి కింద మనిషి ఉన్నట్టే గుర్తు లేదు.

"మామ్..."

"ఆగు." ఓపల్ కత్తి కింద పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "వాడన్నది విన్నాను. నువ్వన్నదీ విన్నాను. ఒక్క ముక్క మర్చిపోలేదు. నన్ను అడక్కు తల్లీ."

"ఎందుకని?"

"అడిగితే అబద్ధం చెప్పలేను. చెప్పాక ఈ ఇంట్లో ఉండలేను. ఒకటి చెబితే వాడి ముఖం చూడలేను, రెండోది చెబితే నీ ముఖం చూడలేను. నన్ను లేపి స్నానం చేయించేది నువ్వు. నన్ను ఈ ఇంటికి తెచ్చుకున్నది వాడు. నేనెక్కడికి పోను?" ఆవిడ గొంతు పెరగలేదు. "నువ్వు అడక్కపోతే మాత్రం నాతోనే పోతుంది. వాడికి కూడా తెలియదు నేను విన్నానని."

పొయ్యి మీద నీళ్ళు మరిగి మూత ఎగురుతోంది. నోరీన్ మంట తగ్గించలేదు. ఇన్నాళ్ళూ ఎవరైనా ఒక్కరు చెప్పగలిగితే చాలనుకుంది. ఆ ఒక్కరు రోజూ తన ఎదురుగానే కూర్చుని భోంచేశారు. అడగడానికి ఇప్పుడు నాలుక కదలడం లేదు.

బయట ట్రక్కు వచ్చి ఆగింది. ఇంజను ఆగింది. వెండెల్ ఎవరితోనో, పక్కింటాయనతో కాబోలు, వాన గురించి రెండు మాటలు మాట్లాడటం వినిపించింది. తర్వాత అతని బూట్ల చప్పుడు రాళ్ళ మీద దగ్గరవసాగింది.

ఓపల్ మళ్ళీ కత్తి తీసుకుంది గాని దుంప తీసుకోలేదు.

నోరీన్ ఉప్పు డబ్బా పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని, అత్తగారి మోకాళ్ళకు తన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.